యాట కూర ఎవరు తిన్నరు?

"శవాన్ని దవాఖానకు పంపినం. పంచనామా గూడ అయింది. నువ్వొచ్చి చూసేదేం మిగల్లే నాగరాణీ," అన్నాడు సి.ఐ. విజేందర్, హ్యాంగర్ తలుపుకు అడ్డంగా నిలబడి.

నాగరాణి అతని భుజం పక్కనుంచి లోపలికి చూసింది. మిగిలింది చాలానే ఉంది. తెల్లటి విమానం, దాని ఎడమ చక్రం ముందు పగిలిన గుమ్మడికాయ, చక్రానికి ఆనించిన నిమ్మకాయలు, నేలమీద ఎండిన కుంకుమ నీళ్లు, టైరు నిండా నెత్తురు చారలు. దసరా మరునాడు మహబూబ్‌నగర్‌లో ఏ లారీ దగ్గరికి వెళ్లినా ఇదే సరంజామా కనబడుతుంది. ఇక్కడ లారీకి బదులు నలభై రెండు కోట్ల విమానం ఉంది, అంతే తేడా.

"మిగిలిందే చూస్తా సార్," అంది.

ఒకప్పుడు ఆమె ఇతని కింద ఎస్సై. ఆమె పట్టిన దొంగకు ఇతనికి పతకం వచ్చింది. కష్టం ఒకరిది, కాసులు ఒకరివి అనుకుని, ఉద్యోగానికి దండం పెట్టి, మహబూబ్‌నగర్ బస్టాండు వెనక డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరూ ఎత్తరు.

ఈ తెల్లవారుజామున ఆమెను ఫోన్ చేసి పిలిచింది విమానం యజమానురాలు జానమ్మ. గొర్రెల కాపర్ల ఇంట పుట్టి, మట్టి పనులతో మొదలుపెట్టి, కాలువల కాంట్రాక్టులతో కోట్లకెదిగిన రామచంద్రయ్య భార్య. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆయన ఈ విమానాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నల్లగొండ జిల్లా కొసన మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీకి ఓ రన్‌వే ఉంటే దాన్ని కిరాయికి తీసుకుని ఇక్కడే నిలుపుకున్నాడు. ఎనిమిది నెలల కింద ఆయన పోయాడు. ఇప్పుడు విమానాన్ని అమ్ముతున్నారు.

ధర కట్టడానికి జానమ్మ ఇస్రాయేలును పిలిపించింది. ఆయన రిటైరైన విమానాల ఇంజనీరు, పాత విమానాలకు విలువ కట్టడంలో పేరున్న మనిషి. నిన్న సాయంత్రం ఆయన జానమ్మకు ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పాడట. రేపు నేనొచ్చి కలిసేదాకా సంతకం పెట్టొద్దు అని. ఈ పొద్దున ఎడమ ఇంజన్ కింద, పడిపోయిన నిచ్చెన పక్కన, తల పగిలి దొరికాడు.

పదకొండింటికి కొనేవాళ్ల తరఫున విమానాన్ని ఎగరేసి చూస్తారు. అందులో జానమ్మ ఒక్కగానొక్క కొడుకు రిత్విక్ కూడా ఎక్కుతున్నాడు. దిగగానే సంతకాలు.

"నా కొడుకు అండ్ల ఎక్కుతుండు బిడ్డా," అంది జానమ్మ ఫోన్లో. "ఆ పెద్దమనిషి నాకేం చెప్పాలనుకున్నడో, నా కొడుకు ఎక్కకముందే నాకు తెల్వాలె."

ఇప్పుడు టైము ఎనిమిదిన్నర దాటింది.

* * *

కెప్టెన్ కరణ్ ఆఫీసు గదిలో టీ తాగుతున్నాడు. ఏడేళ్లుగా ఈ విమానాన్ని నడుపుతున్నది ఇతనే. తండ్రి ఫౌజులో ఉండడంతో ఎక్కడెక్కడి కంటోన్మెంట్లలోనో పెరిగాడు. తెలుగు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు, పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడతాడు.

నాగరాణి విమానం గురించి అడిగింది. అతను గడగడా చెప్పేశాడు. మధ్యరకం బిజినెస్ జెట్. ఎనిమిది సీట్లు, తోక దగ్గర రెండు ఇంజన్లు. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు పోతుంది, ఒకసారి ఇంధనం నింపితే మధ్యలో ఆగకుండా దుబాయిలో దిగుతుంది. పదిహేనేళ్ల పాతది. కొత్తగా కొంటే దీనికి నాలుగైదింతలు పెట్టాలి.

"మరి పాతదానికి నలభై రెండు కోట్లు ఎట్ల కడతరు?" అంది.

"సీట్లకు, రంగుకు ఎవరూ డబ్బివ్వరు మేడమ్. ధరంతా ఇంజన్లలోనే ఉంటుంది. ఇన్ని గంటలు తిరిగాక ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగు చేయించాలి. ఒక్కోదానికి పది కోట్లు దాటుతుంది. మా రెండింటికీ ఇంకా చాలా గంటలున్నాయి. అందుకే ఈ ధర."

నాగరాణికి సులువుగానే అర్థమైంది. ఆమె తాత గొర్రెల బేరగాడు. సంతలో ఉన్ని ఎంత నిగనిగలాడినా నోరు తెరిచి పళ్లు చూడందే పైసా తీసేవాడు కాదు. ఇక్కడ పళ్లంటే ఇంజన్లన్నమాట.

నిన్న ఎక్కడున్నారని అడిగింది. హైదరాబాదులో ఉన్నానన్నాడు. ప్రతి దసరాకూ ఇక్కడే ఉండి పూజ ఫొటోలు తీసేవాణ్ణని, ఈసారి కుదరక పొద్దున ఏడింటికి వచ్చానని చెప్పాడు. అతని గొంతులో తడబాటేమీ లేదు.

"రామచంద్రయ్యగారు పోయినప్పుడు ఇక్కడే ఉన్నరా?"

కరణ్ కప్పు కింద పెట్టాడు. "ఫిబ్రవరిలో విమానాన్ని పెద్ద తనిఖీకి వేరే రాష్ట్రం తీసుకెళ్లాను. అది పూర్తిచేసి తెచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన దాన్ని చూసుకోవడానికి ఒక్కరే వచ్చారు. విమానంలో కూర్చునే పోయారు. గుండెపోటు. నేను వచ్చేసరికే ప్రాణం లేదు. ఏడేళ్లు ఉప్పు తిన్నాను, చివరిమాట కూడా వినలేకపోయాను."

కళ్లు తుడుచుకున్నాడు. ఇవాళ విమానం మీరే నడుపుతారా అని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఇస్రాయేలును ఆ స్థితిలో చూశాక చేతులు వణుకుతున్నాయట. కొనేవాళ్లు పంపిన పైలట్లు ఇద్దరున్నారు, వాళ్లే చూసుకుంటారట.

* * *

హ్యాంగర్లో ఇస్రాయేలు తెరిచిన ఇంజన్ల మూతలు ఇంకా తెరిచే ఉన్నాయి. నాగరాణి నిచ్చెన జరుపుకుని ముందు కుడి ఇంజన్ దగ్గరికి ఎక్కింది.

లోపల, పేరూ నంబరూ చెక్కిన పలక పక్కన, పసుపు బొట్లు, కుంకుమ బొట్లు. తాజావి. గోటితో గీకితే పైపొర రాలింది. కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. బోల్టుల సందుల్లోకి ఏళ్ల తరబడి దిగిపోయిన పసుపు. రామచంద్రయ్య ఏటా దసరాకు ఇంజన్ మూతలు తీయించి మరీ బొట్లు పెట్టేవాడని జానమ్మ చెప్పింది. బండికి పెట్టినట్టు పైన పెడితే గాలికి పోతుందని, గుండెకాయకే పెట్టాలని ఆయన పట్టు.

ఎడమ ఇంజన్ దగ్గరికెక్కింది. అక్కడా తాజా బొట్లున్నాయి. వేలితో తుడిచింది. పసుపంతా వేలికొచ్చింది. కింద లోహం తళతళా మెరిసింది. బోల్టుల సందుల్లో పుల్ల పెట్టి తిప్పినా పసుపు ఛాయ లేదు.

ఒకే విమానం, ఒకే పూజ. ఒక ఇంజన్ ఏళ్లుగా బొట్లు పెట్టించుకుంది, రెండోది నిన్ననే మొదలుపెట్టింది. ఇదేం చోద్యం అనుకుంటూ కిందికి దిగింది.

చక్రం దగ్గర వంగి చూసింది. నిమ్మకాయలు నాలుగూ గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. నిమ్మకాయ పెట్టేదే బండి ఎక్కించి నలగ్గొట్టడానికి. పెట్టినవాడు విమానాన్ని నెట్టలేదు. నెట్టడానికి పక్కన మనిషి లేడా? కుంకుమ నీళ్లు కూడా చక్రం ముందు ఆగలేదు. వెనక్కి, నిచ్చెన పడి ఉన్న దిక్కుకు, ఎవరో కావాలని చిలకరించినట్టు దారిగా ఉన్నాయి.

"ఈ నెత్తురు ల్యాబుకు పంపాలె సార్. విమానాన్ని కదలనియ్యొద్దు," అంది విజేందర్‌తో.

అతను పకపకా నవ్వాడు. "కురుమోళ్ల బిడ్డవయ్యుండి దసరానాడు యాట నెత్తురుకు ల్యాబ్ అడుగుతవా? పండుగపూట పొట్టేలును కోసిండ్రు, చక్రానికి పూసిండ్రు. ముసలాయన నిచ్చెన మీదికెళ్లి జారి పడ్డడు. గంతే. పదకొండింటికి విమానం లేవాలని నాకు పైనుంచి రెండు ఫోన్లొచ్చినయ్."

"యాట నెత్తురేనని మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? కండ్లు లేవా?"

"ఉన్నయ్ సార్. అందుకే అడుగుతున్న."

"నీ కండ్లతోనే గదా ఉద్యోగం పోగొట్టుకున్నవ్," అన్నాడు విజేందర్. ఆ మాట ముల్లులా దిగింది. బదులు చెబితే ఉన్న కాస్త పొద్దూ పోతుందని ఆమె నోరు నొక్కుకుంది. అప్పటికే కొనేవాళ్ల మనుషులు ఇంజన్ల మూతలు బిగిస్తున్నారు.

* * *

వాచ్‌మన్ మల్లేశ్ గేటు దగ్గర మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. శవాన్ని మొదట చూసింది అతనే. ఇంకా తేరుకోలేదు.

నిన్న మధ్యాహ్నం పండుగకని ఊరికి పోయానని, అప్పుడు ఇస్రాయేలు ఒక్కడే పనిలో ఉన్నాడని చెప్పాడు. ఆయనకు దసరా లేదు కాబట్టి, మీరంతా పోయిరండి, నేనుంటానన్నాడట. పొద్దున తిరిగొస్తే ఇదీ సంగతి.

నాగరాణి అతని పక్కనే కూర్చుంది. తలలో ఒక చిన్న లెక్క తేలడంలేదు. గొర్రెల మధ్య పెరిగిన మనిషి కాబట్టి ఆ లెక్క ఆమెకే తట్టింది.

"మల్లేశా, నిన్న ఈడ యాటను కోసిండ్రు గదా. కూర ఎవరు తిన్నరు?"

మల్లేశ్ తలెత్తి చూశాడు.

"ఏటా పెద్దసారు ఈడ పని చేసేటోళ్లందరికి పోగులేసి పంచేటోడమ్మా. తలకాయ నాకే ఇచ్చేటోడు. ఈసారి నాకు తునక గూడ రాలే."

"తోలు? పేగులు? కడిగిన జాగా?"

"ఏం లేవమ్మా. కుక్కలు గూడ రాలే." అతని గొంతు సన్నబడింది. "అసలు ఈసారి పూజ చేసుడే నాకు వింతనిపించింది. చిన్నసారు చేయించిండేమో, పెద్దోళ్ల ఇంటి ముచ్చట నాకెందుకని ఊకున్న."

"వింతెందుకు?"

మల్లేశ్ జవాబు చెప్పకుండా వెనక్కి చూశాడు. అటువైపు నుంచి జానమ్మ నడిచి వస్తోంది. తెల్లచీర, బోసి నుదురు. కొడుకు ఎక్కేముందు ఒకసారి చూసుకోవడానికి వచ్చింది.

నాగరాణి ఎదురెళ్లి, నిన్నటి పూజ ఎవరు చేయించారని అడిగింది. జానమ్మకు ముందు ప్రశ్నే అర్థం కాలేదు. హ్యాంగర్లో గుమ్మడికాయ, నెత్తురు, బొట్లు ఉన్నాయని విడమరిచి చెబితే ఆమె ముఖం పాలిపోయింది.

"ఇదేం మాట బిడ్డా? మనిషి పోయి ఏడాది తిరగలే. మా ఇంట్ల పండుగెక్కడిది? పొయ్యి మీద బూరె వెయ్యలే, జమ్మి తెచ్చుకోలే. నా కొడుకు కర్మ చేసిన చేతులతోని యాటను కోస్తడా?"



యాట లేదు. చక్రం మీదున్నది ఇస్రాయేలు నెత్తురే. చక్రం దగ్గర కొట్టి, ఇంజన్ కిందికి ఈడ్చి, ఆ దారినంతా కుంకుమ నీళ్లతో కప్పారు. దసరా మరునాడు నెత్తురు చూసి ఎవరూ ఉలిక్కిపడరు. సి.ఐ. అంతటివాడే నవ్వేశాడు. ఇదంతా చేసినవాడికి పూజ పద్ధతి మొత్తం తెలుసు. గుమ్మడికాయ ఎక్కడ కొట్టాలో, బొట్లు ఇంజన్లో ఏ మూల పెట్టాలో తెలుసు. చావు జరిగిన ఇంట్లో ఏడాదిదాకా పండుగ ఉండదని మాత్రం తెలియదు. ఇక్కడ పుట్టినవాడెవడూ ఆ తప్పు చెయ్యడు. పక్కన నిలబడి ఏటా ఫొటోలు తీసుకున్నవాడే చేస్తాడు.

ఆ బొట్లు పెట్టింది పూజ జరిగిందని నమ్మించడానికొక్కదానికే కాదు, ఎడమ ఇంజన్‌లో పాత పసుపు లేదన్నది కప్పడానికి కూడా. ఇస్రాయేలు రెండు ఇంజన్లనూ పక్కపక్కన చూశాడు. ఒకదానికి ఏళ్ల పసుపు ఉంది, రెండోదానికి లేదు. అంటే ఎడమవైపు మంచి ఇంజన్‌ను ఎవరో ఊడబెరికి అమ్ముకున్నారు. దాని నంబరు పలకను అరిగిపోయిన ఇంజన్‌కు బిగించారు. అది ఎప్పుడు ఆగిపోతుందో, ఎప్పుడు పేలుతుందో బిగించినవాడికి తెలుసు. అందుకే ఏడేళ్లు నడిపిన కెప్టెన్ ఈ ఒక్కరోజు చేతులు వణుకుతున్నాయని నేలమీద నిలబడ్డాడు.

విమానం అప్పటికే హ్యాంగర్ బయట ఉంది. కీచుమంటూ ఇంజన్లు అందుకున్నాయి.

* * *

విజేందర్ ఆమె చెప్పింది సగమే విన్నాడు. పసుపు లేదని విమానాన్ని ఆపానంటే పైవాళ్లు నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపుతారన్నాడు. రిత్విక్ ఫోన్ ఆఫ్‌లో ఉంది. రన్‌వే గేటు తాళంచెవులు కరణ్ దగ్గరున్నాయి. ఆఫీసు గది ఖాళీగా ఉంది, టీ కప్పు మాత్రం ఉంది.

కంచె ఇవతల నుంచి నాగరాణి చున్నీ ఊపుతూ అరిచింది. విమానం ఆమెను దాటి రన్‌వే కొసకు సాగిపోతోంది. అక్కడ మలుపు తిరిగిందంటే ఇక లేవడమే.

"ఆ ఇంజన్ మంచిది కాదమ్మా," అంది జానమ్మతో. ఇంకా ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. "లేస్తే దిగుతదన్న నమ్మకం లేదు."

జానమ్మ ఏడవలేదు. కంచె వెంబడి గబగబా నడిచింది. ఆ కొసన కంచెకో గండి ఉంది. ఆమె తమ్ముడు మల్లప్ప మంద రన్‌వే పక్క గడ్డికి పోయేది దాంట్లోంచే. గొర్రెల మధ్య విమానం నడపలేనని కరణ్ ఏడేళ్లు పోట్లాడాడు. తమ్ముడి జీవాల నోటికాడ గడ్డి తియ్యనని ఆమె ఆ గండిని మూయనివ్వలేదు. విమానం లేచేముందు సైరన్ వేస్తే మల్లప్ప మందను ఇవతలికి తోలుకొచ్చి ఆపుతాడు. ఇప్పుడూ ఆపి ఉన్నాడు.

"తమ్మీ, వదులు," అంది జానమ్మ.

మల్లప్ప బిత్తరపోయి చూశాడు. ఆమె అతని చేతిలో కర్ర లాక్కుని, గండి దాటి, చెప్పులు విడిచి రన్‌వే మీదికి నడిచింది. నాలుక మడిచి ఒక కూత పెట్టింది. కోట్లు రాకముందు, కారు ఎక్కకముందు, చిన్నప్పుడు గుట్టల మీద పెట్టిన కూత. మంద తల ఎత్తింది. పొట్టేలు కదిలింది. దాని వెనక మూడు వందల గొర్రెలు తారు మీదికి పారాయి.

రన్‌వే కొసన మలుపు తిరిగిన విమానం అక్కడే ఆగింది. కాసేపు ఇంజన్లు అరిచాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి సద్దుమణిగాయి. 

* * *

మెట్లు దిగిన రిత్విక్ తల్లి మీద కేకలేశాడు. బేరం చెడగొట్టావన్నాడు. పరువు తీశావన్నాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాగరాణి పైలట్ల చేత ఎడమ ఇంజన్ మూత తీయించి, తడిగుడ్డతో బొట్లు తుడిచింది. తరువాత కుడి ఇంజన్ మూత తీయించి తుడిచింది. ఒకచోట మెరిసే లోహం, ఇంకోచోట ఎంత రుద్దినా పోని పసుపు.

పైలట్లలో పెద్దవాడు ఆ రెండింటినీ మార్చి మార్చి చూసి, ఎడమ పలక బిగించిన మరలను టార్చితో పరిశీలించాడు. అవి కొత్తవన్నాడు. తర్వాత రన్‌వే మీదే చతికిలబడిపోయాడు.

వెనక గేటు దగ్గర కారెక్కబోతున్న కరణ్‌ను మల్లేశ్ అడ్డుకోవడంతో, విజేందర్ కానిస్టేబుళ్లు పట్టుకొచ్చారు. విజేందర్ ఇప్పుడు నవ్వడం లేదు. చక్రం చుట్టూ మనుషులను నిలబెట్టి, ల్యాబుకు ఫోన్ చేస్తున్నాడు.

"ఇంజన్ మార్చడానికి క్రేన్ కావాలి, పదిమంది కావాలి," అన్నాడు కరణ్ నిబ్బరంగా. "ఈ షెడ్డులో కుదురుతుందా? పసుపు మరకలు చూపించి నన్ను దొంగను చేస్తారా?"

"ఈ షెడ్డుల కాదు. ఫిబ్రవరిల పెద్ద తనిఖీకి తీస్కపోయినప్పుడు మార్పించినవ్," అంది నాగరాణి. "అమ్మేదాంక ఎవరూ మూత తియ్యరనుకున్నవ్. ఇస్రాయేలు తీసిండు. నిన్ను పిలిచి ఒకటే మాట అడిగుంటడు, ఈ పక్క పసుపేదని."

రిత్విక్‌కు అప్పుడు అర్థమైనట్టుంది. తను ఇంకాసేపట్లో ఏ ఇంజన్ మీద ఆకాశంలో ఉండేవాడో తలుచుకున్నాడు. కరణ్ చొక్కా పట్టుకున్నాడు. నన్ను చంపబోయావు కదరా, అంకుల్ అని పిలిచానే నిన్ను అని అరిచాడు.

కరణ్ అతన్ని విదిలించాడు. అంతసేపు ఆపుకున్న నిబ్బరం ఆ విదిలింపులోనే పోయింది.

"తండ్రీ కొడుకులు మీ ఇంటిల్లిపాదికీ ఇదే పిచ్చి! కోట్ల యంత్రం పెట్టుకుని బొట్లు చూస్తారు. మీ నాన్నా ఇంతే. పసుపేది, నేను పెట్టిన పసుపేది అని పట్టుకుని..."

ఆగిపోయాడు.

  నాగరాణి మాట్లాడబోయేలోపు జానమ్మ కొడుకు చెయ్యి వదిలి, కర్రతో సహా కరణ్ ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు గీ ఇంజన్‌తోని వచ్చిన తెల్లారే మా ఆయన పోయిండు. నువ్వొచ్చెటాలకే పాణం పోయిందంటివి. ఆఖరి మాట గూడ వినలేదని నా ముందల ఏడిస్తివి." ఆమె గొంతు పెంచలేదు. "మరి పసుపేదని నిన్ను ఎన్నడడిగిండు?"